వేలిముద్రల మోసాలు – మాసికలు వేస్తే చాలదు

(శివ్వంపేటలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైబర్ భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. దొంగ ఫోన్ల గురించి మీరు పత్రికల్లో రోజూ చదువుతూనే ఉన్నారు. అందుచేత ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా, ఫోను ముట్టుకోకపోయినా ఖాతాలో డబ్బు పోయే ఒక్క మోసం గురించే మనవి చేస్తాను.

ఊళ్లలో చిన్న యంత్రం పెట్టుకొని డబ్బులిచ్చే బ్యాంకు ఏజెంట్లను మీరు చూసే ఉంటారు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే చాలు, ఒక్కో విడతకు 10,000 రూపాయల దాకా ఇస్తారు. దీన్ని ఏఈపీఎస్ అంటారు. ఏటీఎం లేని ఊళ్లకు, చదువురాని వారికి ఇది మంచి ఏర్పాటే, కాదనను. అయితే ఇందులో పిన్ లేదు, ఓటీపీ లేదు. వేలే తాళంచెవి.

ఆ తాళంచెవికి నకలు ఎక్కడ దొరికింది? రిజిస్ట్రేషన్ చట్టంలో 2001లో 32-ఏ అనే సెక్షను చేర్చి దస్తావేజులపై ఫొటో, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. ఒకరి భూమిని మరొకరు అమ్ముకోకుండా పెట్టిన మంచి నిబంధన అది. కాగితం రికార్డు గదిలో ఉన్నంత కాలం ఏ ఇబ్బందీ రాలేదు. ఆ దస్తావేజులు కంప్యూటరుకెక్కి, నకళ్లు ఇంటర్నెట్‌లో దింపుకొనే వీలు కలిగేసరికి పేరు, ఊరు, ఆధార్ నంబరు, వేలిముద్ర అన్నీ ఒక్కచోటే దొంగ చేతికి అందాయి.

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దింపి, వాటిమీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు తీసి, ఇతరుల పేర్లమీద వేలకొద్దీ సిమ్‌లు తెరిచాడని పోలీసులు చెప్పారు. మన ఆఫీసు సీళ్లు తయారయ్యే యంత్రం లాంటిదే అతని పనిముట్టు! అతనికి కావలసింది సిమ్‌ల టార్గెట్ పూర్తి కావడమేనట. కాని దారి బయటపడింది కదా, అప్పుడే దాన్ని అన్ని రాష్ట్రాల్లోనూ మూసి ఉండవలసింది. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొన్న ముఠా అదే పని చేసింది. ఈసారి దస్తావేజులు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటువి, పోయింది జనం ఖాతాల్లోని డబ్బు. మధ్యలో నాలుగేళ్లు గడిచాయి.

మనకు చెప్పిన మందు ఏమిటయ్యా అంటే, ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి అని. మంచిదే, వీలైన వారు చేసుకోండి. కాని అది మాసిక మాత్రమే. లాక్ చేస్తే నవంబరులో జీవన్ ప్రమాణ్ ఇవ్వడానికి మళ్లీ తెరవాలి. రేషను షాపులో వేలు పడదు. దానికి స్మార్ట్ ఫోనో, ఆధార్‌కు కలిపిన నంబరో ఉండాలి. ఎనభై ఏళ్ల ఫ్యామిలీ పెన్షనరు ఈ తాళాలు తెరుస్తూ మూస్తూ కూర్చోగలరా? పొలంలో తుంగను పైపైన కోస్తే వారం తిరక్కుండానే మళ్లీ లేస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది గనుక.

ఇక్కడ గడ్డ ఏది? అందరికీ కనిపించే కాగితం మీదిదాన్నే రహస్యపు తాళంచెవిగా వాడటం. పిన్ పోతే మార్చుకొంటాం. వేలు మార్చుకోలేం.

మూలం జోలికి వెళ్లిన ప్రయత్నాలు లేకపోలేదు. యంత్రంపై పెట్టినది ప్రాణమున్న వేలా, అచ్చా అని పరీక్షించే కొత్త పద్ధతిని 2023లో ఆధార్ సంస్థ తెచ్చింది. బహిరంగంగా దొరికే దస్తావేజుల్లో వేలిముద్రలు కనబడకుండా చేయాలని కేంద్ర భూవనరుల శాఖ రాష్ట్రాలకు సూచించింది. ఏజెంట్లను బ్యాంకులు విచారించి పెట్టుకోవాలనీ, వారి లావాదేవీలను గమనిస్తూ ఉండాలనీ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. అవి 2026 జనవరి 1 నుంచి అమలులోకి రావాలన్నది. రబ్బరు వేలును యంత్రం మీద పెట్టాలంటే ఆ యంత్రం ఒకరి చేతిలో ఉండాలి కదా! అయితే నా దృష్టిలో అసలు పని ఇంకొకటుంది. ఖాతాదారు అడిగితేనే ఈ సదుపాయం తెరవాలి. తెరిచాక కూడా పెద్ద మొత్తానికి వేలుతో పాటు మరొక ఆధారం ఉండాలి.

ఈలోగా ఎవరికైనా ఇలా డబ్బు పోతే వెంటనే 1930కు ఫోను చేయండి. మూడు పనిదినాల లోపల బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఖాతాదారు తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేకుండా మూడోవారి వల్ల జరిగిన మోసాన్ని ఆ గడువులో తెలియజేస్తే నష్టం ఖాతాదారుపై పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశాలిచ్చింది. దస్తావేజు జిరాక్సులు ఇవ్వవలసి వస్తే వేలిముద్రల పేజీ కూడా అవసరమా అని అడగండి.

పాత దస్తావేజుల నకళ్లలో వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనబడకుండా చేయాలని, పెన్షను ఖాతాలకు మనం కోరితే తప్ప ఏఈపీఎస్ తెరవరాదని ఈ సభ తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. దాని ప్రతులు జిల్లా కలెక్టరు గారికి, రిజిస్ట్రేషన్ శాఖకు, మన పెన్షన్లు జమ అయ్యే బ్యాంకులకు పంపవలసిందిగా కార్యదర్శి గారికి మనవి.

సెలవు.