క్రొత్త బ్రౌజరును, పాత యుత్తరములును



పంచాయతి కచేరీలోనో, సహకారసంఘములోనో పనిచేయు మన పిల్లలు, నిన్నటివఱకు తెఱచుకొన్న కార్యాలయపు మెయిలు బ్రౌజరు మాఱగానే తెఱచుకొనుట లేదని వాపోవుచుందురు. దాని కారణమును, తరణోపాయమును నేడు మనవి చేసెదను.

ఉత్తరములు మన యంత్రములో గాక, దూరమున సర్వరను పెద్ద యంత్రములో నుండును. వానిని మనకు జూపు కిటికీయే బ్రౌజరు. కిటికీ మాఱినంతమాత్రమున ఉత్తరములు నశింపవు. కాని ఒక్క కిటికీనే నమ్మి గది కట్టినచో, ఆ కిటికీ తీసివేసిన నాడు గది చీకటియగును.

మైక్రోసాఫ్టువారి కార్యాలయపు మెయిలు 2007వ కూర్పు వఱకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులోనే సకల సౌకర్యములతో నడచెడిది. తక్కిన బ్రౌజర్లకు కొన్ని సౌకర్యములే దక్కెడివి. ఆ యెక్స్‌ప్లోరరునకే 2022 జూన్ 15న సంస్థవారు స్వస్తి చెప్పిరి. అయినను పాత పుటలకై ఎడ్జ్ బ్రౌజరులో ‘ఐఈ మోడు’ అను నేర్పాటు చేసి, కనీసము 2029 వఱకు నిలిపెదమనిరి.

మన భాషకును ఇట్టి సంకటము తటస్థించినది. ఈనాడు మున్నగు పత్రికల జాలపుటలు పూర్వము సొంత ఖతులలో నుండెడివి. వానిని యూనికోడు, అనగా సర్వయంత్రసమ్మతమైన అక్షరసంకేతమునకు మార్చి ఫైర్‌ఫాక్సులో జూపుటకు ‘పద్మ’ యను అనుబంధ ముపకరించెడిది. 2017 నవంబరు 14న వెలువడిన 57వ కూర్పు ఆ పాతరీతి అనుబంధములను త్రోసిపుచ్చెను. దీర్ఘకాల రక్షణ గల 52వ కూర్పు 2018 వఱకు నిలిచినందున మార్చుకొనువారికి వ్యవధి లభించెను.

పడుగు ముగిసినపుడు మా యాడికి నేతపనివారు పాతపోగుల కొసలను అచ్చునుండి లాగివేయరు. క్రొత్తపోగులను వానికి ఒక్కొక్కటిగా అతికిన పిదపనే ముందుకు లాగుదురు. కచేరీలవారును అట్లే క్రొత్త కూర్పును ముందొక్క యంత్రములో నుంచి, మెయిలు తెఱచి, జాబు పంపి, కాగితము జతపఱచి పరీక్షింపవలెను. సరిపడనిచో మెయిలు పనికి మాత్రము పాతదానిని వాడుచు, కూర్పుసంఖ్యతో సహా మెయిలు నిర్వాహకులకు వ్రాయవలెను. పాతదానినే కలకాలము నమ్ముట క్షేమము గాదు. దొంగలెఱిగిన సందులు అందు మూతపడవు.

పింఛను పుచ్చుకొను నాబోటి ముదుసలికి ఒక్క యుత్తరువు నిలిచినను నెల గడచుట కష్టము. కావున మీ పిల్లలతో నొకమాట చెప్పుడు: వ్రాతలు యూనికోడులో నుండవలెను, మెయిలు ఏ బ్రౌజరులోనైనను తెఱచుకొనవలెను. సెలవు.