నవ్వించు రక్తపిశాచములు – చదువరుల అభిప్రాయములు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము మాటలాడబూనిన విషయము వినగానే కొందరు పెద్దలు చిరునవ్వు నవ్వుట చూచితిమి. పాఠశాల సభలో రక్తపిశాచముల ముచ్చట ఏల అని వారి భావము కావచ్చును. కాని ఈ ప్రశ్నను మా యొద్దకు తెచ్చినవారు తల్లిదండ్రులే. పై తరగతుల పిల్లల సంచులలో ఇంగ్లీషు రక్తపిశాచ ప్రణయ నవలలు కనబడుచున్నవనియు, వానిని పాఠశాల ఒప్పుకొనుచున్నదో లేదో తేల్చి చెప్పవలెననియు పలువురు అడిగిరి. తేల్చుటకు ముందు ఆ పుస్తకములను మేము చదివితిమి. చదివిన పెద్దల మాటలను, పిల్లల మాటలను వింటిమి. అప్పుడు తోచిన సంగతులనే ఇచ్చట మనవి చేయుచున్నాము.

మొదట పెద్దల నవల యొకటి. 2004లో అమెరికాలో మేరీ జానిస్ డేవిడ్‌సన్ అను రచయిత్రి ప్రకటించినది. పేరు ‘అన్‌డెడ్ అండ్ అన్‌వెడ్’. దీనిని ‘చావును లేదు, పెండ్లియు లేదు’ అని మనము చెప్పుకొనవచ్చును. మిన్నెసోటా రాష్ట్రమున బెట్సీ అను యువతి ఉన్న ఉద్యోగము పోగొట్టుకొని, మోటారు క్రింద పడి మరణించును. కన్ను తెరచునప్పటికి శవమునకు అలంకారము చేయు శాలలో ఉన్నది. ఆమెకు కలిగిన గొప్ప దుఃఖము తాను చచ్చితినని కాదు, తన కాళ్లకున్న చౌకరకపు జోళ్లను చూచి! సిలువ ఆమెను ఏమియు చేయదు, తీర్థజలము ఏమియు చేయదు. పైగా రక్తపిశాచములకు రాణి కావలసినది ఆమెయేనని ఒక జోస్యము. ఎరిక్ సింక్లేర్ అను అందగాడైన పిశాచముతో ఆమెకు కయ్యము, ఆ కయ్యము చాటున వలపు. కథ ఇంతే.

ఇది పిల్లల పుస్తకము కాదు. శృంగారము హద్దు దాటిన ఘట్టములు ఇందు ఉన్నవి. పాఠశాల గ్రంథాలయమున దీనికి చోటు లేదు, ఆ మాట పై చర్చయు లేదు. అయినను దీనిని చదివిన పెద్దల అభిప్రాయములు మాకు మిక్కిలి వింతగా తోచినవి. కొందరు కడుపుబ్బ నవ్వితిమనిరి. చావు వంటి సంగతిని జోళ్ల బేరమువలె మాటలాడు నాయిక వారికి నచ్చినది. మరికొందరికి ఆ నాయికయే విసుగు పుట్టించినది. పుటల కొలది చెప్పుల వర్ణనమేమి, ఈమెకు బుద్ధి ఎప్పుడు వచ్చునని వారి ప్రశ్న. ఈ రెండు పక్షముల వారును ఒకే పుటలను చదివిరి. నవ్విన వారు తెలివితక్కువవారు కారు, నవ్వని వారు రసహీనులును కారు. హాస్యమునకు తూనికరాళ్లు ఒక్కొక్క ఇంట ఒక్కొక్క తీరున ఉండును.

మూడవ పక్షము వారి మాట మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది. సిలువకు వెరవనిది రక్తపిశాచమెట్లగును, శాస్త్రము తప్పినది గదా అని వారి కోపము. 2005లో వెలువడిన స్టెఫెనీ మేయర్ గారి ‘ట్వైలైట్’ విషయమునను ఈ కోపమే ఎక్కువగా వినవచ్చినది. అందలి పిశాచములు ఎండలో బూడిద కావు, వజ్రములవలె మెరయును. ఇది అపచారమని చాలమంది చదువరుల తీర్పు.

మంచిది. కాని ఆ శాస్త్రము వ్రాసినది ఎవరు? ఈ జాతి కథలన్నిటికి పెద్దగా ఎన్నబడు బ్రామ్ స్టోకర్ గారి ‘డ్రాకులా’ 1897లో లండనున వెలువడినది. అందలి ప్రభువు పట్టపగలు లండను వీథులలో తిరుగును. పగలు అతని శక్తి తగ్గునే గాని ఎండ అతనిని చంపదు. సూర్యరశ్మి తగిలి రక్తపిశాచము నశించుట 1922 నాటి ‘నోస్ఫెరాటు’ అను జర్మను మూగచిత్రమున వచ్చినది. అద్దములో ప్రతిబింబము లేకుండుటయో, స్టోకర్ గారే కల్పించి చేర్చినది. వారికి ముందు 1819లో పాలిడోరి వ్రాసిన చిన్నకథ యొకటి కలదు. 1872లో లె ఫాను ప్రకటించిన ‘కార్మిలా’ కలదు. ఒక్కొక్కరు ఒక్కొక్క నియమమును పెట్టుచు, తీసివేయుచు వచ్చిరి. అనాదియని మనము నమ్ము ఆచారములలో కొన్ని మన తాతగారి కాలమున పుట్టినవై యుండును. పిశాచములకును ఆ గతియే పట్టినది!

అయినను ఆ మూడవ పక్షము వారిని మేము తేలికగా చూడము. నియమము తెలిసినవాడే నియమము తప్పినప్పుడు కోపించును, లేదా నవ్వును. హాస్యమునకు మూలము అదియే. జేన్ ఆస్టెన్ గారి ‘నార్తాంగర్ ఆబీ’ 1817 చివర వెలువడినది. ఆనాటి భయానక నవలలు చదివి చదివి, పాత మేడలో ప్రతి పెట్టెలోను రహస్యమున్నదని నమ్మిన బాలిక కథ అది. అర్ధరాత్రి గాలివానలో వణకుచు ఒక బీరువా తెరచి కాగితపు చుట్ట నొకటి తీయును. తెల్లవారి చూడగా అది చాకలి పద్దు! ముందు భయానక నవల రుచి ఎరిగిన చదువరికి ఇది పొట్ట చెక్కలగు సంగతి. ఎరుగనివానికి అది ఉత్త చాకలి పద్దు.

మన పిల్లలు ఏమి ఎరిగి నవ్వుచున్నారు? ఇంగ్లీషు పిశాచపు నియమములు వారికి సినిమాల వలన కొన్ని తెలియును. తెలుగు పిశాచము ఒక్కటియు తెలియదు. కొరివి దయ్యమనగా ఏమని అడిగితిమి. పదిమందిలో ఇద్దరు చెప్పిరి. బేతాళుడనగా ఒక పిల్లవాడు ‘వాంపైర్’ అనెను. తక్కినవారు నవ్విరి గాని ఆ మాట నవ్వదగినది కాదు. రిచర్డ్ బర్టన్ అను ఆంగ్లేయుడు 1870లో మన బేతాళ కథలలో 11 కథలను తన భాషలో తిరుగవ్రాసి ‘విక్రం అండ్ ది వాంపైర్’ అని పేరు పెట్టెను. డ్రాకులాకు అది 27 ఏండ్లు పెద్దది. స్టోకర్ గారు బర్టనును ఎరుగుదురు. బర్టను మాటలాడునప్పుడు పై పెదవి లేచి కోరపన్ను తళుక్కుమనెడిదని 1906లో ప్రకటించిన తమ స్మృతులలో వ్రాసిరి. దానిని బట్టి డ్రాకులా బేతాళుని మనుమడని మేము అనబోము. బేతాళుడు రక్తము త్రాగువాడు కాడు, శవములో కాపురముండు వాడు. తలక్రిందుగా చెట్టునకు వ్రేలాడును, రాజు భుజమెక్కి కథ చెప్పును, నోరు విప్పించి పారిపోవును.

ఆ కథలలో ఏమున్నదో ఒక్కసారి జ్ఞాపకము చేసికొనుడు. కాశ్మీర దేశపు సోమదేవుడు 11వ శతాబ్దిలో సంస్కృతమున కూర్చిన కథాసరిత్సాగరమున బేతాళుని కథలు 25 ఉన్నవి. వానిలో మందారవతి కథ యొకటి. ఆమెను కోరి ముగ్గురు యువకులు వచ్చి ఆ ఇంటనే తిష్ఠ వేసిరి. పెండ్లి కాకుండగనే ఆమె జ్వరమున మరణించినది. ఒకడు ఆమె చితాభస్మముపై పడుకొని అచ్చటనే కాలము గడపెను. ఒకడు ఆమె ఎముకలు గంగకు కొనిపోయెను. మూడవవాడు దేశాలు తిరిగి, చచ్చినవారిని బ్రతికించు మంత్రమును సంపాదించి తెచ్చెను. ఆమె లేచి కూర్చుండినది. ముగ్గురును నాకంటే నాకని మరల తగవులాడిరి. రాజు తీర్పు వినుడు. ప్రాణము పోసినవాడు తండ్రి యగును, ఎముకలు గంగలో కలిపినవాడు కొడుకగును, బూడిదపై పడుకొన్నవాడే భర్త! కష్టపడి మంత్రము తెచ్చినవాని ముఖము ఎట్లు మారియుండునో ఊహింపుడు. చచ్చి లేచిన కన్య, పెండ్లి కాని కన్య, ప్రణయము, కయ్యము, నవ్వు, శ్మశానము – మిన్నెసోటా నవలలో ఉన్న సామగ్రియంతయు ఇచ్చట ముందే ఉన్నది. లేనిది జోళ్ల వర్ణన యొక్కటియే.

ఈ కథలను మన ఇండ్లకు తెచ్చినది మన చెన్నపురియే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన చందమామ ఈ ఊరిలోనే అచ్చయ్యెడిది. భుజముపై శవమును, చేతిలో కత్తిని ధరించిన రాజు బొమ్మను శంకర్ గారు గీచిరి. ఆయన 2020లో స్వర్గస్థులైరి. పత్రికయు ఇప్పుడు వెలువడుట లేదు. ఈ సభలో కూర్చున్న పెద్దలలో ఆ బొమ్మ చూడనివారు ఉండరు. ఆ పెద్దల మనుమలలో చూచినవారు కొద్దిమందియే.

ఇక తల్లిదండ్రుల అభిప్రాయములు. నిషేధించుడని కొందరు అనిరి. అమెరికాలోను అట్లే అనిరి. 2009వ సంవత్సరమునకు అచ్చటి గ్రంథాలయముల సంఘమువారు ప్రకటించిన పట్టికలో, అభ్యంతరములు మిక్కుటముగా వచ్చిన పుస్తకములలో ట్వైలైట్ వరుస ఐదవది. అందుచేత చదువుట మానినవారిని మేము ఎరుగము. నిషేధించుడనువారి భయము మాత్రము నిజమైనది, దానిని మేము గౌరవింతుము. ‘ఏదైన నేమి, ఇంగ్లీషు బాగుపడును గదా’ అనువారి మాట మాకు అంతకంటె రుచింపలేదు. పుస్తకమును కషాయమువలె లోనికి పోసిన చాలునని వారి ఊహ. లోనికి పోయినది ఏమైనదో వారు అడుగరు.

అడిగినచో ఏమగునో ఒక ఉదాహరణము చెప్పెదము. పదకొండవ తరగతి బాలిక యొకతె ట్వైలైట్ చదివినది. ఎట్లున్నదని అడిగితిమి. సగము తమిళమున, సగము ఇంగ్లీషున చాల చురుకుగా చెప్పినది. నాయకుడు రాత్రివేళ నాయిక గదిలో ప్రవేశించి, ఆమె నిద్రించుచుండగా చూచుచుండును. అది ప్రేమయని రచయిత్రి చెప్పుచున్నది గాని తనకు భయము వేసినదని ఆ పిల్ల అభిప్రాయము. మంచి విమర్శ! అదే తెలుగున చెప్పుమంటిమి. పిల్ల ఆగిపోయినది. అన్నము పెట్టుమని, చిల్లర ఇమ్మని, తల దువ్వుమని తెలుగున అడుగగలదు. ఒక పుస్తకము ఏల నచ్చలేదో చెప్పుటకు ఆమె తెలుగు చాలలేదు. ఆమెను తోడ్కొని పోవుటకు వచ్చిన అవ్వగారు అచ్చటనే కూర్చుండియుండిరి.

“దాన్ని పొంచి చూడటమంటారే తల్లీ” అనిరి ఆమె.

“ఆఁ, పొంచి చూడటమే అవ్వా! ప్రతి రాత్రీ పొంచి చూస్తాడు.”

“పెళ్లికి ముందా, తరువాతా?”

“ముందే!”

“అయితే వాడు దయ్యం కాకపోయినా తప్పే” అనిరి అవ్వగారు.

ఆ పుస్తకముపై మేము విన్న అభిప్రాయములలో ఇంతకంటె పొందికైనది వేరొకటి లేదు. అవ్వగారికి ఇంగ్లీషు రాదు. పిల్లకు ఆ తెలుగు మాట రాదు. ఇద్దరును కలిసి ఒక తీర్పు చెప్పిరి.

ఈ రాష్ట్రమున 2006 నాటి చట్టముచే తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. మనముండు నేల భాష మన పిల్లలకు రావలసినదే. ఇంగ్లీషు జీవనోపాధికి కావలెను. ఈ రెండింటి నడుమ తెలుగునకు దొరకిన గంటలలో వ్యాకరణము, పద్యము, పరీక్ష – ఇంతవరకే సాధ్యమగుచున్నది. నచ్చినది, నచ్చలేదు, ఏల నచ్చలేదు అని వాదించు తెలుగు పాఠ్యపుస్తకమున దొరకదు. అది ఇంటిలో పుట్టవలసినది. పిల్లవాడు పుస్తకమును తలగడ క్రింద దాచుకొన్న ఇంట అది ఎట్లు పుట్టును?

కావున మా ఉపాధ్యాయులము కూడి చేసికొన్న ఏర్పాటు ఇది. పెద్దల నవలలు పాఠశాలకు తేరాదు. ట్వైలైట్ మొదటి సంపుటము పదకొండు, పండ్రెండు తరగతుల వారికి మాత్రము, తల్లి గాని తండ్రి గాని సంతకము చేసిన పిమ్మట ఈయబడును. డ్రాకులా, నార్తాంగర్ ఆబీ తొమ్మిదవ తరగతి నుండి ఎవరైనను తీసికొనవచ్చును. పాత చందమామలు సంపుటములుగా కుట్టించినవి కొన్ని మా యొద్ద ఉన్నవి. బేతాళ కథలున్న పుటలకు గుర్తులు పెట్టియున్నాము. ఏ పిశాచపు పుస్తకము తీసికొన్నవారైనను తిరిగి ఇచ్చునప్పుడు ఐదు నిమిషములు తెలుగున తమ అభిప్రాయము చెప్పవలెను. నచ్చలేదనినను సరియే, కారణము చెప్పవలెను. మాట తోచనిచోట ఇంగ్లీషు మాట వాడవచ్చును, దానిని పలకపై వ్రాసి పెట్టెదము, మరునాటికి ఇంట అడిగి తెలుగు మాట తేవలెను. ‘కాఫిన్’ అను దానికి ఇప్పటికే శవపేటిక, శవపెట్టె, బొందపెట్టె అని మూడు మాటలు మూడు ఇండ్ల నుండి వచ్చినవి. మూడింటిని ఉంచితిమి.

ఈ అభిప్రాయములు వినుటకు శనివారపు మధ్యాహ్నములను నియమించితిమి. పెద్దలెవరైనను వచ్చి కూర్చుండవచ్చును. అవ్వలు, తాతలు వచ్చినచో మరింత సంతోషము. గ్రంథాలయపు గదిలో కుర్చీలు పండ్రెండు మాత్రమే ఉన్నవి. రాదలచినవారు ముందునాడు కబురు చేసినచో పై తరగతి నుండి బల్లలు దింపించి ఉంచెదము.