ఎవరి ఋణం ఎవరు క్షమించాలి?



1960 వరకు ఈ తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు మారింది గాని మన ఇళ్లలో తెలుగు పోలేదు. ఆ తెలుగు బైబిలులోనే ఒక మాట చూద్దాం. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘ఋణములు’ అనే మాట ఉంది. మూలభాషలో కూడా ఆ మాటకు అప్పు అనే అర్థం. మనం దానిని పాపము అని మాత్రమే తలంచి ముందుకు సాగిపోతాం.

అప్పు అంటే ఏమిటో ఈ తిరువళ్లూరు జిల్లాలో ఇటుక బట్టీల్లో, రైసు మిల్లుల్లో చిక్కుకున్న కుటుంబాలకు తెలుసు. పెళ్లికో, వైద్యానికో అడ్వాన్సు తీసుకుంటారు. కూలిలో కోతలు పడతాయి, అప్పు మాత్రం తరగదు. అది తీరేదాకా బయటికి వెళ్లనివ్వరు. ఇలా చిక్కుకున్న ఇరులర్ కుటుంబాలను, ఒడిశా కూలీలను అధికారులు విడిపించారు.

అలాంటి వారితో మనం తరచుగా ఏమంటాం? “క్షమించండి, తీర్పు దేవునికి వదిలేయండి” అంటాం. కాని నిర్గమకాండము చదవండి. ఇశ్రాయేలీయులు చేసింది కూడా ఇటుకల పనే. ఫరో గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. అప్పుడు దేవుడు వారితో “ఫరోను క్షమించండి” అనలేదు. వారి మొర విన్నాడు, మోషేను పంపాడు, ముందు విడిపించాడు. దేవుని న్యాయం విడుదలతో మొదలవుతుంది.

మత్తయి 18లో పదివేల తలాంతుల అప్పు క్షమాపణ పొందినవాడు, నూరు దేనారాల కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. అక్కడ తక్కిన దాసులు ఏమి చేశారు? గొంతు పట్టుబడినవానికి క్షమాపణ గురించి ప్రసంగం చేయలేదు. దుఃఖపడి, వెళ్లి రాజుకు తెలిపారు. సంఘం నిలబడవలసిన చోటు అదే.

క్షమాపణ వద్దని నేను చెప్పడం లేదు. పగ విడిచిపెట్టడం బాధితుని హృదయానికి విడుదల. అయితే అది అతడు ఇవ్వవలసిన వరం, మనం వసూలు చేసే బాకీ కాదు. పగ విడిచినవాడు కూడా కోర్టులో సాక్ష్యం చెప్పవచ్చు. అన్యాయం చేసినవాని మార్గం జక్కయ్య మార్గం: అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు.

మన దేశ చట్టం కూడా ఈ సంగతి ఒప్పుకుంది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు రద్దయిపోతుంది, తీర్చనవసరం లేదు. వెట్టి చేయించినవానికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. విడిపించే బాధ్యత కలెక్టరుది, ఆర్డీవోది.

యౌవనులారా, మన ప్రార్థనా మందిరాలు కూడా ఇటుకలతో కట్టినవే. ఆ ఇటుక చేసిన చెయ్యి స్వేచ్ఛగా ఉందా అని అడగండి. మీ ఊరి బట్టీలో ఎవరినైనా కదలనివ్వడం లేదని తెలిస్తే, ప్రార్థన చేయండి, ఆపైన ఆర్డీవో ఆఫీసుకు అర్జీ తీసుకెళ్లండి. విడుదలైన కుటుంబానికి విడుదల పత్రం చేతికి అందేదాకా, పిల్లలు బడిలో చేరేదాకా వారి వెంట ఉండండి. ద్వితీయోపదేశకాండము 15లో దేవుడు దాసుని వట్టి చేతులతో పంపవద్దన్నాడు.

మన గొప్ప ఋణం క్షమించిన ప్రభువు మనలను అలాంటి తోటి దాసులుగా చేయును గాక. ఆమేన్.