నలుగురిలో ఒక చోటు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగము)



ఈ సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను చదువుట, బహుమతులు పొందిన బాలబాలికలను మెచ్చుకొనుట, పాఠశాలకు కావలసిన వసతులను గూర్చి సంఘము వారికి విన్నవించుట ఏటేట జరుగుచున్న ఆచారము. ఆ నివేదికను ఇదివఱకే సమర్పించితిని. మిగిలిన కొద్ది సమయమును, బహుమతుల పట్టికలో పేరు లేని పిల్లలను గూర్చి, ఈ పందిటి క్రిందికి రాని పిల్లలను గూర్చి మాటలాడుటకు వినియోగింపదలచితిని.

నడువలేని బిడ్డలు, వినలేని బిడ్డలు, చూపు లేని బిడ్డలు, వయస్సుకు తగిన బుద్ధివికాసము లేని బిడ్డలు మన కుటుంబములలో కలరు. వారిలో పలువురికి ప్రభుత్వ సహాయము అందుచున్నది. అది సంతోషింపదగిన విషయమే. కాని ఆ సహాయము ఇంటి గడప వఱకు వచ్చి ఆగుచున్నది. గడప దాటిన పిమ్మట నలుగురిలో వారికొక చోటు కలదా? ఆ చోటును ప్రభుత్వము ఈయజాలదు, మనమే ఈయవలెను. నేను నేడు చెప్పదలచినది ఇంతమాత్రమే.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. తమిళనాడులో 11 లక్షల 79 వేలు. దేశము మొత్తము మీద నూటికి ఇద్దరికి మించిన లెక్క యిది. ఈ పందిటి క్రింద మూడు వందల మంది కూర్చుండినచో, వారిలో ఆఱుగురైనను అట్టివారు ఉండవలెను. ఒక్కసారి ఇటునటు చూడుడు. కనబడనిచో వారు లేరని కాదు. ఇంటిలో ఉంచి వచ్చితిమని యర్థము.

1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను మాత్రమే లెక్కించెను. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన 2016 చట్టము 21 విధములను గుర్తించినది. ఆటిజము, కండరముల క్షీణత, తలసేమియా మొదలైనవియు, చదువుట వ్రాయుటలకు సంబంధించిన అభ్యసన వైకల్యమును ఇందులో చేరినవి. అక్షరములను తాఱుమాఱుగా వ్రాయు పిల్లవానిని 'మొద్దు' అని కోపించి కొట్టుటకు ముందు ఈ సంగతి మనకు గుర్తుండవలెను. వానికి కావలసినది దెబ్బ కాదు, పరీక్ష. మందలింపు కాదు, వేఱొక విధమైన బోధన.

ఆ చట్టములోని అయిదవ సెక్షను చాల చిన్నది. కాని నా దృష్టిలో మిగిలినవానికంటె గొప్పది. వైకల్యము గల వ్యక్తికి సమాజములో జీవించు హక్కు కలదని అది చెప్పుచున్నది. 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించి, 2007లో మన దేశము అంగీకరించిన ఒడంబడికలోని 19వ అధికరణము నందును ఈ మాటయే యున్నది. తిండి పెట్టి, బట్ట యిచ్చి, మందు తెచ్చి యొక మూల నుంచినచో ఆ హక్కు తీరినట్లు కాదని దీని భావము. మన పెద్దలు 'నలుగురితో పాటు నారాయణా' యనిరి. ఆ నలుగురిలో చేర్పబడని వానికి నారాయణా యనుటకు కూడ తావు లేదు.

సహాయములు లేవని నేననుట లేదు. 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు 6వ ఏట నుండి 18వ ఏటి వఱకు ఉచిత విద్య చట్టసిద్ధమైన హక్కు. తీవ్ర వైకల్యము గలవారికి మన రాష్ట్రము నెలనెల ఈయు పోషణ భత్యము 2023 నాటికి 2,000 రూపాయలకు చేరినది. 2021లో సాధారణ టౌను బస్సులలో వికలాంగులకును, వారి తోడు వచ్చువారికిని టిక్కెట్టు లేని ప్రయాణము కల్పించిరి. ఇవి అన్నియు మంచివి. అయితే బస్సునకు టిక్కెట్టు లేకపోయినంత మాత్రమున చాలునా? దిగిన చోట 'రమ్ము, కూర్చుండుము' అను ఇల్లు ఒకటి ఉండవలదా?

ఇంటి వద్ద విద్యను తీసికొనుడు. 2012లో విద్యాహక్కు చట్టమును సవరించి, తీవ్ర వైకల్యము గల పిల్లలు ఇంటి వద్దనే చదువుకొనుటకు వీలు కల్పించిరి. మంచము దిగలేని బిడ్డకు ఇది వరము. కాని బడికి రాగల బిడ్డ విషయములో కూడ 'ఇంటికే అయ్యవారు వచ్చుచున్నారు గదా' యని మనము ఊరకుండినచో, పట్టికలో పేరుండును, బల్లపై బిడ్డ యుండడు. ఆ బిడ్డ అక్షరములు నేర్చుకొనవచ్చును. పక్కవానితో పలక పంచుకొనుట, పోట్లాడుట, మరల కలియుట ఎవరు నేర్పుదురు? తక్కిన పిల్లలు మాత్రము అట్టి తోడిని చూచి నేర్చుకొనవలసిన ఓర్పును ఎచ్చట నేర్చుకొందురు?

మన తెలుగు కుటుంబములకు ఇంకొక చిక్కు కలదు. ఇంటిలో తెలుగు, ఆసుపత్రిలోను, కచేరీలోను, మాటలు నేర్పువారి వద్దను తమిళము. మాట ఆలస్యమైన బిడ్డను తీసికొనిపోయిన తల్లితో, 'ఇంటిలో తెలుగు మానుడు, ఒకే భాష మాటలాడుడు' అని చెప్పువారు కలరు. ఆ తల్లి తనకు చక్కగా రాని భాషలో బిడ్డతో రెండు ముక్కలు పలికి మానుకొనును. లాలిపాట ఆగును, కథ ఆగును, అవ్వతో ముచ్చట ఆగును. ఇంటిలో అందఱు తెలుగున నవ్వుకొనుచుండగా ఆ యొక్క బిడ్డ మాత్రము పరాయివాడగును. ఆటిజము, డౌన్ సిండ్రోము గల పిల్లలను గూర్చి పలు దేశములలో జరిగిన పరిశోధనలు, రెండు భాషల నడుమ పెరుగుట వారి మాటకు హాని చేయుట లేదని తెలుపుచున్నవి. కావున తల్లులారా, బిడ్డతో తెలుగు మానకుడు. బిడ్డ ఇంటిలో వాడు మాటలను వ్రాసి తీసికొనిపోయి, ఆ మాటలతోనే అభ్యాసము చేయింపుమని మాటలు నేర్పువారిని అడుగుడు. తమిళము వీధిలోను, బడిలోను దానంతట వచ్చును. నలుగురున్నను తన మాట ఆలకించువాడు లేకుండుట ఎట్టిదో భాషాల్పసంఖ్యాకులమైన మనకు వేఱుగా చెప్పనక్కరలేదు. ఆ స్థితిని మన యింటిలోనే మన బిడ్డకు కల్పింపవలదు.

ఈ ధర్మపురి సీమ మనకు మఱియొక పాఠమును నేర్పినది. మన ప్రాంతపు బావులలో ఫ్లోరైడు మితిమీఱి యుండుటచే పండ్లు పచ్చబడుట, కీళ్లు పట్టుకొనుట, నడుము వంగుట తరతరములుగా చూచితిమి. తెలుగు దేశములో నల్లగొండలో జరిగినదియు ఇదియే. ఈ వ్యాధిని 1937లో మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతమున వైద్యులు గుర్తించి ప్రకటించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. జపాను ఋణ సహాయముతో నిర్మించిన హొగెనకల్ త్రాగునీటి పథకము 2013లో ప్రారంభమై, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీటిని తెచ్చినది. బావి అందఱిది, ఆ నీటిని ఊరంతయు త్రాగినది, వంగిన నడుము మాత్రము ఒకనిదైనది. అది వాని కర్మమని ఎవరైన అనగలరా? అట్లే తక్కిన వైకల్యములను పూర్వజన్మ పాపమనియు, తల్లి దోషమనియు అనుట తగదు. ఊరు పంచుకొనవలసిన భారమును ఒక తల్లి తలపై నుంచుట న్యాయము కాదు.

నిష్ఠురమైనను ఒక మాట చెప్పక తప్పదు. పెండ్లిచూపుల నాడు అన్నను వెనుక గదిలో నుంచి తలుపు వేయు ఇండ్లు కలవు. చెల్లెలికి సంబంధము తప్పిపోవునను భయమే దీనికి కారణము. ఆ భయము నిరాధారమని నేననను. కాని ఆ భయమును పుట్టించినది ఎవరు? సంబంధము చూడబోయి, 'ఆ యింటిలో అట్టివాడు కలడట' అని వెనుదిరిగిన మనమే గదా. తలుపు వేసినవారు ఒకరు, వేయించినవారు పలువురు. కావున దానిని తెఱచుట యొక తల్లిదండ్రుల వలన కాదు. వెనుదిరుగుట మానెదమని నలుగురును అనుకొన్న నాడే అది తెఱచుకొనును.

పిలుపు విషయము కూడ ఇట్టిదే. తమిళమున వీరిని మాట్రుత్తిఱనాళి యనుచున్నారు; ఆంధ్రదేశమున విభిన్న ప్రతిభావంతులనియు, దివ్యాంగులనియు అనుచున్నారు. ఈ గౌరవనామములు కాగితములపై నుండగా, వీధిలో మాత్రము కుంటి, గుడ్డి, చెవిటి, పిచ్చి అను మాటలే ఇంటిపేర్లగుచున్నవి. బారసాలనాడు పెట్టిన పేరుతో పిలుచుట కంటె గొప్ప గౌరవము వేఱొకటి లేదు. మన పిల్లలకు ఈ యొక్క అలవాటు చేసినను చాలును.

మన పొరుగున సేలం జిల్లాలోని పెరియవడగంపట్టి గ్రామమునకు చెందిన మారియప్పన్ తంగవేలు పేరు మీరందఱు వినియున్నారు. బాల్యమున బస్సు ప్రమాదములో కాలు దెబ్బతిన్నను, 2016లో రియో పారాలింపిక్సునందు ఎత్తు దూకుటలో బంగారు పతకము సాధించెను. 2021లో టోక్యోలో వెండి, 2024లో ప్యారిసులో కంచు పొందెను. మనకందఱకు గర్వకారణము. కాని యొక హెచ్చరిక చేయవలెను. పతకము తెచ్చినవానికి మాత్రమే చోటనినచో, పతకము తేజాలని లక్షలమంది ఏమి కావలెను? కన్నులు కాళ్లు చక్కగా నున్న మనలో ఎందఱము పతకములు తెచ్చితిమి? తేకున్నను మనలను పెండ్లికి పిలుచుచున్నారు, పంక్తిలో విస్తరి వేయుచున్నారు. ఆ మర్యాదయే వారికిని చెందవలెను.

ఇక తల్లిదండ్రుల గుండెలలోని పెద్ద ప్రశ్న: 'మా తరువాత ఎవరు?' బిడ్డకు 18 ఏండ్లు నిండగానే బడి ముగియును. చట్టము దృష్టిలో అతడు పెద్దవాడగుటచే, తల్లిదండ్రులైనను తమంత తామే సంరక్షకులు కాజాలరు. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధివైకల్యము, బహుళ వైకల్యములు గలవారి కొఱకు 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చినది. దాని ప్రకారము జిల్లాలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకొని, అవసరమైనచో సంరక్షకుని నియమింపజేసికొనవచ్చును. ఆ కమిటీలో జిల్లా కలెక్టరుతో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధియు, వైకల్యము గల వ్యక్తియు నుందురు. ఆ ట్రస్టు వారి నిరామయ పథకము క్రింద లక్ష రూపాయల వఱకు ఆరోగ్య భీమా కలదు. ఈ పనిని వాయిదా వేయకుడు. అయితే చట్టము సంరక్షకుని ఈయగలదు గాని స్నేహితుని ఈయలేదు. ముప్పది ఏండ్లు ఇంటిలోనే పెరిగినవానిని తల్లి పోయిన మఱునాడు ఊరు ఎట్లు గుర్తుపట్టును? నేడే పది మంది అతనిని ఎఱిగియుండవలెను. అంగడివాడు, బస్సు కండక్టరు, గుడి పూజారి, ప్రక్కింటి పిల్లవాడు, వీరందఱు అతని పేరు ఎఱిగినచో అదియే తల్లిదండ్రులు విడిచిపోగల పెద్ద ఆస్తి.

ఇందుకు మనము చేయదగినవి నాలుగు పనులు కలవని నా మనవి.

మొదటిది: ఉగాది, సంక్రాంతి వేడుకలకును, పాఠశాల సభలకును అట్టి బిడ్డలను తోడ్కొని రండు. బండికుర్చీ ఎక్కుటకు వాలుదారి, ముందు వరుసలో స్థలము ఏర్పఱచుట పాఠశాల బాధ్యత.

రెండవది: 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత మన పిల్లలు తమిళమును కూడ చదువుచున్నారు. పై తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో నెలకొకసారి కూర్చుండి, తమిళము చదువ రాని పెద్దలకు వైకల్య ధ్రువపత్రము, గుర్తింపు కార్డు, భత్యములకు సంబంధించిన దరఖాస్తులను చదివి వివరింపవచ్చును.

మూడవది: పని. చింతపండు గింజ తీయుట, పట్టుగూళ్లు ఏఱుట, అంగడిలో సరకు సర్దుట మన సీమలో నిత్యము జరుగు పనులు. రోజునకు రెండు గంటలైనను, తగిన కూలి యిచ్చి, అట్టి యువకుని పనిలో నుంచుకొనుడు. జాలితో వద్దు, పని నేర్పి ఉంచుకొనుడు.

నాలుగవది: మాట చెప్పు స్థానము. తెన్కాసి వద్ద ఆయికుడిలోని అమర్ సేవా సంగమును 1981లో స్థాపించిన రామకృష్ణన్‌గారు తామే బండికుర్చీలో నున్నవారు. ఇతరులకు చేయూతనిచ్చు గొప్ప సంస్థను నిర్మించి 2020లో పద్మశ్రీ పొందిరి. స్థానిక సంస్థలలో వికలాంగులను సభ్యులుగా నియమించుటకు తమిళనాడు శాసనసభ 2025 ఏప్రిల్ నెలలో బిల్లులను ఆమోదించినది. పంచాయతీలో కూర్చుండదగినవారు మన సంఘములో కూర్చుండ తగరా? కార్యవర్గములో ఒక స్థానమును వైకల్యము గల వ్యక్తికి కేటాయింపవలసినదిగా సంఘము వారిని వినయపూర్వకముగా కోరుచున్నాను. వారికి ఏమి కావలెనో మనము ఊహించుట మాని, వారినే అడుగుట అప్పుడు ఆరంభమగును.

సంఘము అనగా కలిసి నడచుట. మన భాషను నిలుపుకొనుటకై కలిసిన మనము, మనలో మెల్లగా నడచువాని కొఱకు ఒక యడుగు ఆగుట కష్టము కాదు.