ఊరి బడి – ఋషి ఋణము



గుడి ముంగిట జరుగు ఉపన్యాసము గనుక ఏదైన పురాణ కథ విందుమని మీరు వచ్చియుందురు. నేడు మనము మన ఊళ్లలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను గురించి చెప్పుకొందము. ధర్మప్రసంగములో బడి మాట యేల అని ఎవరికైన తోచవచ్చును. సమాధానము వేదములోనే కలదు.

మనుష్యుడు ఋణములతోనే పుట్టుచున్నాడని వేదము చెప్పుచున్నది. దేవఋణము యజ్ఞముచేతను, పితృఋణము సంతానముచేతను, ఋషిఋణము అధ్యయనముచేతను తీరవలెను. మొదటి రెండింటిని మనకు ఎవ్వరును జ్ఞాపకము చేయనక్కరలేదు. కల్యాణోత్సవమునకు చందా వ్రాసెదము, తద్దినమునాడు తప్పక భోక్తలను పిలిచెదము. మూడవ ఋణము మాట యేమి? తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి సత్యము, తపస్సు, అతిథిసేవ మున్నగు ధర్మములను ఒక్కొక్కటిగా పేర్కొనుచు, ప్రతిదానికిని తాను చదువుటను, ఇతరులకు చదువు చెప్పుటను జోడించినది. కావున తాను చదువుకొని ఊరకున్నవానికి ఈ ఋణము సగమే తీరినది. తన బిడ్డను మాత్రము చదివించుకొన్నవానికిని అంతే.

అదే వల్లిలో ఆచార్యుడు హోమము చేసి, శిష్యులు నలుదిక్కుల నుండి తన వద్దకు రావలెనని కోరుకొనును. శిష్యులు లేని ఆచార్యుని దైన్యము ఆ ఋషులకు తెలియును. నేడు ఎన్నో ఊళ్ల బడులలో పిల్లల సంఖ్య ఏటేటా తగ్గుచున్నది. తెల్లవారగానే పసుపుపచ్చ బస్సు వచ్చి కలిగినవారి పిల్లలను పట్నపు బడికి తీసికొనిపోవును. మిగిలినవారు కూలివారి పిల్లలు, అందులోను ఆడపిల్లలు. బస్సెక్కించిన తల్లిదండ్రులను మేము నిందింపము. బిడ్డ బాగుపడవలెనని కోరుట దోషము కాదు. కాని ఊరి బడి మూతపడిన నాడు ఆ మిగిలిన పిల్ల ఎక్కడికి పోవును? చెల్లెలిని ఎత్తుకొని ఇంటి వద్ద కూర్చుండును, లేదా తల్లి వెంట పత్తిచేనికి పోవును. నేడు ఆలోచింపవలసిన విషయము ఇదియే.

పూర్వము బడిని నిలిపినది ఎవరు? వారాలు చేసికొని చదువుకొన్నవారి సంగతి మీలో పెద్దలకు తెలియును. పేద విద్యార్థికి సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట భోజనము. ఏ యింటికిని భారము లేదు, విద్యార్థికి పస్తు లేదు. దసరా దినములలో వీధిబడి పిల్లలు విల్లంబులు పట్టుకొని అయ్యవారితో ఇంటింటికి పోయెడివారు. గృహస్థులు అయ్యవారికి కట్నము, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చెడివారు. అది వేడుకయే గాని, ఊరు తన బడికి కట్టిన పన్నును అదియే. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో బడుల లెక్కలు తీయుమని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. తెలుగునకు వ్యాకరణము వ్రాసిన ఎ. డి. క్యాంబెల్ నాడు బళ్లారి కలెక్టరు. తన జిల్లాలో 533 బడులు కలవని ఆయన 1823లో నివేదించెను. జనము పేదరికములో పడుటచేత బడులు క్షీణించుచున్నవని కూడ ఆయన వ్రాసెను. ఊరి చేయి తడబడిన చోట బడి నిలువలేదు.

అయితే ఒక సత్యమును దాచరాదు. ఆ బడులలో అందరి పిల్లలు కూర్చుండలేదు. ఆడపిల్లలు మిక్కిలి తక్కువ. ఊరి చివర వాడలలోని బిడ్డలకు వాకిలి తెరువబడలేదు. మేము పాఠశాలలో పెరిగినవారము, ఆ సంప్రదాయమునందు మాకు గౌరవము కలదు. అయినను ఏ కులమని, ఏ మతమని అడుగక ప్రతి బిడ్డను లోనికి పిలుచుచున్న ప్రభుత్వ పాఠశాలకు ఆ విషయములో మేము నమస్కరించెదము. పాతకాలపు ఊరి ఆదరము, నేటి బడి యొక్క తెరచిన వాకిలి, ఈ రెండును కలిసిననాడు ఊరు ధన్యమగును.

చట్టమును మనకు అనుకూలముగానే ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యమునకై ప్రత్యేక చట్టము వచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు. సగము మంది స్త్రీలు. బలహీన వర్గములవారికి తగిన స్థానము. బడి నడక చూచుట, వచ్చిన నిధుల ఖర్చు చూచుట, బడి అభివృద్ధికి ప్రణాళిక వ్రాయుట వారి పనులు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన నాడు–నేడు, 2022లో తెలంగాణలో ఆరంభమైన మన ఊరు–మన బడి పథకములు బడుల మరమ్మతులలో ఈ కమిటీలకు పాత్ర కల్పించినవి. కాని ఎన్నో చోట్ల కమిటీ అనగా రిజిస్టరులో కొన్ని సంతకములు, కొన్ని వేలిముద్రలు మాత్రమే. సమావేశము కూలివేళ పెట్టిన తల్లులెట్లు వత్తురు? సాయంకాలము దీపాలు పెట్టిన పిదప పెట్టుడు. చదువురానివారికి కాగితము బిగ్గరగా చదివి వినిపించుడు. ముందు తల్లులను మాటాడనిండు.

గోడలు, బల్లలు వచ్చిన చాలదు. లోపల చదువు వచ్చినదా అని చూడవలెను. దేశములోని గ్రామములలో జరిపిన అసర్ పరిశీలనలో, ప్రభుత్వ బడులలో ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2022లో నూటికి 38.5 మంది, 2024లో 44.8 మంది. పెరిగినందుకు సంతోషము. అయినను సగమునకు పైగా పిల్లలు ఐదేండ్లు బడికి పోయి చిన్న పాఠము చదువలేకున్నారు. వేదపాఠశాలలో గురువుగారు సంథ చెప్పెడివారు. నిన్నటి పనస రానిదే నేడు కొత్త పనస లేదు. వెనుకబడినవానిని పెద్ద విద్యార్థి ప్రక్కన కూర్చుండబెట్టుకొని వల్లె వేయించెడివాడు. ఒక్కనిని విడిచి ముందుకు పోవుట ఎరుగము. ఊరిలో ఇంటరు, డిగ్రీ చదివిన యువతీయువకులు సాయంకాలము ఒక గంట బడి వరండాలో పిల్లలచేత బిగ్గరగా చదివించిన ఆ లోటు తీరును. దీనికి డబ్బు అక్కరలేదు.

మరికొన్ని పనులు చెప్పెదము. ఇద్దరు తల్లులు వంతులవారీగా మధ్యాహ్న భోజనమును పిల్లలకంటె ముందు రుచి చూడుడు. మిరప కోతల కాలములో ఏ బిడ్డ బడికి రాలేదో కమిటీవారు ఆనాడే ఆ యింటికి పోయి విచారింపుడు. దాతలారా, బడికి ఏది కావలెనో ప్రధానోపాధ్యాయుని అడిగి ఇండు. గోడమీద దాత పేరు రెండడుగులు, కుళాయిలో నీరు చుక్క లేదు అనిపించుకొనరాదు. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీరు, తలుపు గడియ ఉన్నవా అని చూచుట కూడ పుణ్యకార్యమే. ఉత్సవములు చేయువారికి మా ప్రార్థన ఒక్కటి: బడి వేళ మైకు కట్టివేయుడు. దేవుడు కోపగింపడు.

ఇది సాధ్యమా అని సందేహింపవలదు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను 1990ల నుండి రంగారెడ్డి జిల్లాలో పనిలో మగ్గుచున్న పిల్లలను బడికి చేర్చుటకు పూనుకొన్నది. పనిచేయించుకొనువారితో, పంచాయతీలతో, తల్లిదండ్రులతో ఊరి యువకులే మాటాడి ఒప్పించిరి. ఆ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. పేద తల్లిదండ్రులకు చదువుమీద ఆశ లేదను మాట అబద్ధమని ఆ ఊళ్లు ఋజువు చేసినవి.

ఒకటి రెండు హెచ్చరికలు. ఊరు పూనుకొన్నదని ప్రభుత్వము తన బాధ్యతను దింపుకొనరాదు. చాలినంతమంది ఉపాధ్యాయులను ఇచ్చుట దాని పని, ఇవ్వనిచో కమిటీ వ్రాతపూర్వకముగా అడుగవలెను. కమిటీలోనికి పార్టీ తగవులు తేరాదు. అయ్యవారు వేళకు వచ్చిరా అని అడుగు హక్కు మనకు కలదు. ఆయనకు కూర్చుండ కుర్చీ, త్రాగ నీరు, దక్కవలసిన మర్యాద ఉన్నవా అని విచారించు విధియు మనదే. తప్పులెన్నుటకు మాత్రమే బడి గడప తొక్కువాడు బడికి బంధువు కాడు.

ఇంటికి పోయిన పిమ్మట మీ ఊరి బడిలో ఈ ఏడు ఒకటవ తరగతిలో చేరినవారు ఎందరో, చేరవలసియుండి చేరనివారు ఎవరో కనుగొనుడు. ఆ చేరని బిడ్డ చేయి పట్టుకొని బడికి తీసికొనిపొండు. ఋషిఋణము తీరుట అచ్చట మొదలగును.

స్వస్తి.