సరిహద్దు దాటితే బంగారు గనుల ఊరు

పూతలపట్టు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కర్ణాటకలోకి వెళ్తే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) వస్తుంది. 1880లో బ్రిటిష్ గనుల సంస్థ జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టాక పెరిగిన ఊరిది. శివనసముద్రం నుంచి 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చింది, బెంగళూరు వీధిదీపాల కన్నా ముందు!

దొరల బంగళాలు, క్లబ్బు చూడండి. కానీ కూలీల లైను ఇళ్ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. తమిళులతో పాటు మన చిత్తూరు సీమవాళ్లూ ఆ ఇరుకు గదుల్లోనే కాపురాలు చేశారు. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. అడుగున రాయే కాలుతుండేది, ఒత్తిడికి ఒక్కోసారి పేలేది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం తీయగా మిగిలిన సైనైడ్ మట్టిదిబ్బలు బూడిదరంగు కొండల్లా కనిపిస్తాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లలోకే వస్తుంది. పిల్లలను వాటిపైకి ఎక్కనివ్వకండి.