ప్రాసినోజాంథిన్ లేనంత మాత్రాన

ఈ ఉపన్యాసం ఏ గురువుగారి పేరిట జరుగుతోందో, ఆయన మాకు శైవలాలు నేర్పిన రోజుల్లో మైక్రోస్కోపు ఏం చూపిస్తే అదే ప్రమాణం. నేను మాట్లాడబోయే జీవులు మాత్రం దానికి ఓ పట్టాన చిక్కవు. ఫ్రాన్స్‌లోని థో లగూన్‌లో దొరికి 1994లో లోకానికి తెలిసిన ఆస్ట్రియోకాకస్ అనే శైవలం ఒక మైక్రాను కూడా ఉండదు.

సాధారణ మైక్రోస్కోపును నమ్మితే ఏమవుతుందో అలాంటిదే మరో జీవి మైక్రోమోనాస్ కథ చెబుతుంది. 1952లో బుచర్ అనే శాస్త్రవేత్త దాన్ని బంగారు శైవలాల్లో చేర్చి క్రోములినా అన్నాడు. 1960లో ఐరీన్ మాంటన్, మేరీ పార్క్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి ఆకుపచ్చ వంశంలోకి తెచ్చారు.

ఈ వంశానికంతటికీ మన చెట్లకున్న క్లోరోఫిల్ ఎ, బి లే ఆధారం. తేడాలన్నీ కెరోటినాయిడ్లలో ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే ముందు చేతులకు ఓర్పు ఉండాలి. లీటర్ల కొద్దీ సముద్రపు నీటిని గాజుపీచు ఫిల్టరు మీద వడకడితే మిగిలేది లేత పచ్చటి మరక. దాన్ని వెంటనే ద్రవ నైట్రోజన్‌లో పెట్టాలి. తర్వాత మసక వెలుతురులో, చల్లగా, ఎసిటోన్‌లోకి రంగులు దింపాలి. కాస్త ఆమ్లం తగిలినా క్లోరోఫిల్‌లోని మెగ్నీషియం ఊడిపోయి ఫియోఫైటిన్ అవుతుంది. ఉడికిన గోంగూర ముదురు రంగుకు తిరగడానికీ కారణం ఇదే. అక్కణ్ణుంచి పని హెచ్‌పీఎల్‌సీ అనే క్రొమటోగ్రఫీ యంత్రానిది. ఒక్కో వర్ణద్రవ్యం ఒక్కో సమయానికి స్తంభం నుంచి బయటికి వచ్చి, కాగితం మీద ఒక్కో శిఖరంగా లేస్తుంది.

ఆ శిఖరాల్లో ప్రాసినోజాంథిన్ అనే కెరోటినాయిడ్ కనిపిస్తే చాలు, ప్రాసినోఫైట్లు, అంటే ఆకుపచ్చ వంశంలోని ఈ ఏకకణ శైవలాలు, ఉన్నట్టేనని చాలాకాలం లెక్క కట్టారు. 1996లో వచ్చిన కెమ్‌టాక్స్ అనే గణనపద్ధతి ఇలాంటి గుర్తుల ఆధారంగానే వర్గాల వాటాలు తేలుస్తుంది. నా దృష్టిలో తిప్పలు మొదలైంది ఇక్కడే. మైక్రోమోనాస్, ఆస్ట్రియోకాకస్, బాతికాకస్ ఉన్న మామియెల్లోఫైసీ వర్గంలో ప్రాసినోజాంథిన్ ఉంది. జన్యువుల ప్రకారం ఎక్కడో దూరపు కొమ్మ మీదున్న ప్రాసినోకాకస్‌లోనూ ఉంది. ప్రాసినోఫైట్లలోనే లెక్కించిన టెట్రాసెల్మిస్‌లో, మన రొయ్యల హేచరీలకు పరిచయమైన ఆ జీవిలో, అది లేదు. వెచ్చని నడిసముద్రాల్లో విస్తారంగా ఉంటూ 2017లో క్లోరోపైకోఫైసీగా గుర్తింపు పొందిన వర్గంలోనూ లేదు. ప్రాసినోజాంథిన్ సున్నా అని చూసి ప్రాసినోఫైట్లే లేవని రాసేవారు ఈ వర్గాన్నంతా లెక్కలోంచి కొట్టేస్తున్నారు.

క్లోరోఫిల్ బి సంగతీ అంతే. ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియాలోని డైవినైల్ క్లోరోఫిల్ బి చాలా పద్ధతుల్లో మామూలు క్లోరోఫిల్ బితో కలిసిపోయే వస్తుంది. ఆకుపచ్చ శైవలాల వాటా ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ చిక్కు మన తీరానికీ ఉంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహం చూపే క్లోరోఫిల్‌ను కూడా ఆధారం చేసుకుని మత్స్యకారులకు చేపల జాడ చెబుతోంది. ఆ క్లోరోఫిల్ ఏ జీవిదో పైనుంచి తేల్చడం కష్టం. నీళ్లలో దిగి చూడాల్సింది మనమే. అందుకే విశాఖ, కాకినాడ తీరాల్లో నమూనాలు తీసే విద్యార్థులను ఒకటే కోరుతున్నాను: వర్ణద్రవ్యాల కోసం ఒక ఫిల్టరు తీసిన ప్రతిసారీ, అదే నీటి నుంచి డీఎన్ఏ కోసం మరొకటి తీసి దాచండి.